పరిగెకీ ఇంటిపేరుంది: నా తొట్టి డైరీ

జూన్ 29, ఆదివారం

ఇదంతా మొదలైంది ఒక సీసా వల్ల. నేను పనిచేసేది భీమవరం దగ్గర ఒక చిన్న ఆక్వా ల్యాబులో. రోజంతా చెరువు నీళ్ళే. అమ్మోనియా ఎంత, కాల్షియం ఎంత, ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా గుంపుల్లో పచ్చ కాలనీలెన్ని, పసుపు కాలనీలెన్ని. పోయిన వారం ఒక రైతు గారు సీసాలో చచ్చిన చిన్న చేపలు వేసుకొచ్చి "ఇవేంటమ్మా, మా చేపల చెరువులోకి ఎలా దూరాయి" అనడిగారు. "పరిగెలండి" అన్నాను. "అది నాకూ తెలుసమ్మా, ఏ పరిగె అని" అన్నారు. నోట మాట రాలేదు. వనామీ రొయ్య గురించి నిద్రలో లేపి అడిగినా చెప్తాను గానీ, పుట్టినప్పటి నుంచీ మా ఇంటి ముందు బోదెలో చూస్తున్న చేప పేరు నాకు తెలీదు.

కాలువలకి నీళ్ళొదిలి చాలా రోజులైంది, బోదెలో మోకాలి లోతు ఉంది. ఇవాళ పొద్దున్నే తమ్ముణ్ణి లేపి ఒక కొస వాడికిచ్చి, పాత దోమతెరతో నాలుగు లాగులు లాగాం. నాచు, నత్తలు, రెండు ఎండ్రకాయ పిల్లలు, 31 చేపలు. అన్నీ వేలెడంత లోపే. బాగా హుషారుగా ఉన్నవి 14 తొట్టికి, మిగతావి అమ్మకి. చింతచిగురు కాలం దాదాపు అయిపోయింది, ఆఖరి పిడికెడు వేసి వండేసింది. "ఆ పద్నాలుగూ కూడా ఇచ్చుంటే నాన్నకి రాత్రికి కూడా వచ్చేది కదే" అని గొణిగింది. నేను వినలేదు.

అనుకున్న పని మూడు ముక్కలు: వాటి పేరేంటో తేల్చాలి, ఎలా బతుకుతాయో చూడాలి, కుదిరితే పిల్లలు పెట్టించాలి.

జూలై 2

తొట్టి రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 56 లీటర్ల పైనే. మా దగ్గర బోరు నీళ్ళు ఉప్పు, అందుకని కాలువ నీళ్ళే గుడ్డలో వడగట్టి పోశాను. స్పాంజ్ ఫిల్టర్ కొత్తది.

రాయడానికి సిగ్గుగా ఉంది. ఊళ్ళో చెరువులన్నిటికీ "మేత తగ్గించండి, అమ్మోనియా పెరుగుతోంది" అని సలహాలిచ్చే నేను, ముచ్చటపడి రోజుకి నాలుగు సార్లు మేతేశాను. కొత్త స్పాంజిలో బ్యాక్టీరియా ఇంకా పట్టనే లేదు, చేపలు వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది ఎవరు? ఇవాళ కిట్టు పెట్టి చూస్తే అమ్మోనియా 1 పీపీఎం, అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము. మూడు చచ్చిపోయాయి. సగం నీళ్ళు మార్చి, ల్యాబులో ఎప్పటి నుంచో నడుస్తున్న తొట్టిలోని మురికి స్పాంజి ముక్క ఒకటి తెచ్చి ఇందులో పిండాను. ఇదే మొదటిరోజు చేసుంటే సరిపోయేది.

చచ్చిన వాటిని పారెయ్యలేదు. స్పిరిట్లో వేశాను.

జూలై 3

ఇవాళ్టి పని పొలుసులు లెక్కపెట్టడం. నవ్వకండి, పరిగెని పోల్చుకోవడంలో సగం అదే. లెన్సు కింద పెట్టి, గుండుసూదితో ఒక్కో పొలుసూ తాకుతూ, తల వెనక నుంచి తోక మొదలు దాకా. మూడుసార్లు లెక్కపెడితే మూడు అంకెలొచ్చాయి, నాలుగోసారి తల్లోని వెంట్రుక ఒకటి పీకి గుర్తు పెట్టుకుంటూ వెళ్తే 25 అని తేలింది.

అసలు విషయం ఆ 25 కాదు. చేప పక్కన ఒక గీత ఉంటుంది చూడండి, బొచ్చెకీ శీలావతికీ తల నుంచి తోక దాకా స్పష్టంగా కనిపిస్తుంది. అది ఉత్త గీత కాదు, ఆ వరుసలో ప్రతి పొలుసుకీ ఒక చిన్న కన్నం, లోపల సన్నటి గొట్టం. నీళ్ళు కాస్త కదిలినా చేపకి తెలిసేది దాంతోనే. ఈ పరిగెకి ఆ గీత ఏడో పొలుసు దగ్గర ఆగిపోయింది. తర్వాత పొలుసులున్నాయి, కన్నాల్లేవు. ఎవరో గీస్తూ గీస్తూ మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు. రెండో చేపకి ఎనిమిది దగ్గర ఆగింది.

ఇంకా చూసినవి: మీసాల్లేవు. వీపు మీది రెక్కలో గట్టి ముల్లు ఒకటుంది, దాన్ని తోక వైపు నుంచి గోటితో రాస్తే రంపంలా గరగరమంటుంది. మచ్చలు రెండు, ఒకటి మొప్ప వెనక చిన్నది, రెండోది తోక మొదట్లో, కింది రెక్క ముగిసేచోటికి పైన, కాస్త పెద్దది.

మచ్చలు రెండు, రంపపు ముల్లు, సగంలో ఆగిన గీత, మీసాల్లేకపోవడం. ఈ నాలుగూ కలిస్తే పుస్తకాలన్నీ చూపించేది ఒకటే పేరు: టిక్టో.

జూలై 6, ఆదివారం

స్పిరిట్లో ఉన్న మూడో చేప వేరే కథ చెప్పింది. దానికి పక్క గీత తోక దాకా ఉంది, వీపు ముల్లు నున్నగా ఉంది, ఒక మచ్చ తోక దగ్గర, ఇంకోటి వీపు రెక్క మొదట్లో. ఇది సోఫోర్. దాంతో అనుమానమొచ్చి తొట్టిలో మిగిలిన పదకొండునీ ఒక్కోదాన్నీ గాజు గ్లాసులోకి తీసి చూస్తే, తొమ్మిది టిక్టోలాంటివి, ఒకటి సోఫోర్, ఒకటి రెండు జతల మీసాలతో వెండిలా మెరుస్తున్న పిల్ల. అది సరానా, జానెడు దాటి పెరిగే జాతి.

అంటే ఒకే బోదె, ఒకే దోమతెర, మేం ఒకే పేరుతో పిలిచే చేప, తీరా చూస్తే మూడు జాతులు. 2012 దాకా ఈ మూడింటి ఇంటిపేరూ ఒకటే, పుంటియస్. ఇంటిపేరు అని ఎందుకంటున్నానంటే శాస్త్రీయ నామం అచ్చం మన పేరులాగే ఉంటుంది, ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. పుంటియస్ టిక్టో, పుంటియస్ సోఫోర్, పుంటియస్ సరానా. దక్షిణాసియాలో దొరికే చిన్న పరిగె లాంటి దేన్నైనా ఎక్కడ పెట్టాలో తెలీక పుంటియస్ అనే బస్తాలో పడేస్తూ వచ్చారు. 2012లో శ్రీలంకకి చెందిన రోహన్ పెథియగొడ, ఇంకో ఇద్దరు కలిసి ఎముకలూ డీఎన్ఏ చూసి ఆ బస్తా విప్పారు. మచ్చలూ రంపపు ముల్లూ ఉన్న చిన్నవి పెథియా అయ్యాయి. సరానా లాంటివి సిస్టోమస్‌కి వెళ్ళాయి, అది 1838 నాటి పాత పేరే. కేరళ, లంక వైపు కొన్ని డాకిన్సియా అయ్యాయి, జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ పేరు మీద. సోఫోర్ మాత్రం పుంటియస్‌లోనే ఉండిపోయింది, ఎందుకంటే ఆ ఇంటిపేరుకి మూలపురుషుడు అదే. ఆస్తి పంపకాల్లో పాత ఇల్లు పెద్దకొడుక్కే మిగిలినట్టు.

అన్నీ పైకెళ్తే ఒకే కుటుంబం, సిప్రినిడే. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అన్నీ అందులోవే. చెరువులో శీలావతిని కొడుకులా చూసుకుని పరిగెని చెత్త చేప అని తీసిపారేస్తాం, రెండూ దాయాదులే.

జూలై 9

ఈ పేర్ల వెనక పడితే రాత్రి ఒంటిగంటైంది. ల్యాబులో ఆవలిస్తూ కూర్చున్నాను, అయినా రాయాల్సిందే.

టిక్టో, సోఫోర్, సరానా, మూడింటికీ మొదట పేరు పెట్టింది ఒకే మనిషి, ఒకే పుస్తకంలో. ఫ్రాన్సిస్ హామిల్టన్, స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టరు, గంగానది చేపల మీద 1822లో ఎడిన్‌బరోలో అచ్చయిన పుస్తకం. ఆయన చాలా పేర్లు బెంగాల్ జనం నోటి నుంచే తీసుకున్నాడు. పుంటియస్ అంటే బెంగాలీ వాళ్ళ 'పుంటి'కి లాటిన్ తోక తగిలించడమే. టిక్టోని వాళ్ళు ఇప్పటికీ తిత్ పుంటి అంటారు, తిత్ అంటే చేదు, మన తిక్తమే. (అమ్మ కూరలో చేదు రాలేదు. పిత్తం పగలకుండా పేగు తీస్తే రాదంది.) పెథియా అన్నది సింహళంలో ఇలాంటి చిన్న చేపలకి జనం వాడే మాట.

ఆ పుస్తకంలోని బొమ్మల గురించి చదివాక మనసు అక్కడే ఆగిపోయింది. హామిల్టన్ చేపల్ని గీసింది హలుదార్ అనే బెంగాలీ కుర్రాడు. 2012లో బస్తా విప్పినప్పుడు పడమటి కనుమల్లోని ఒక గుంపుకి ద్రవిడియా అని పేరు పెట్టారు, కానీ ఆ పేరు అప్పటికే ఒక ఈగకి పెట్టి ఉంది. జంతువుల్లో రెండు ఇళ్ళకి ఒకే ఇంటిపేరు కుదరదు. అందుకని 2013లో దాన్ని హలుదారియా అని మార్చారు. బొమ్మలు గీసిన దాదాపు రెండొందల ఏళ్ళకి ఆ కుర్రాడి పేరు చేపలకి ఇంటిపేరైంది.

మరి మన పరిగె మాట ఏ లాటిన్ పేరులోకైనా ఎక్కిందా అని వెతికాను, నాకు కనబడలేదు. సముద్రం చేపలకి ఆ భాగ్యం ఉంది. పాట్రిక్ రస్సెల్ 1803లో విశాఖపట్నం చేపల మీద వేసిన పుస్తకంలో తెలుగు పేర్లే రాసుకున్నాడు, వాటిలోంచే బల్లపరుపుగా ఉండే ఒక టేకు చేపకి మొబ్యులా ఎరెగూడూ అనే పేరొచ్చింది. చదువుతుంటే మన బెస్తవాళ్ళ గొంతు వినబడ్డట్టుంది.

జూలై 13

ఫిల్టరుకి ఎయిర్ పైపు కొనడానికి అక్వేరియం షాపుకెళ్తే అక్కడ తొట్టి మీద "టిక్టో బార్బ్" అని చీటీ. ఆశగా వంగి చూశాను. పక్కలంతా కుంకుమ పట్టీ, రెక్కల మీద నల్ల చుక్కలు. ఇది మా బోదె చేప కాదు. షాపాయన "అదేనమ్మా, ఒడెస్సా అని కూడా అంటారు" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే పాపం ఆయన తప్పేం లేదు. 1970ల్లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సా నగరంలో అక్వేరియం వాళ్ళ దగ్గర బయటపడ్డ చేప అది, ఎక్కడిదో తెలీక చాలా ఏళ్ళు దాన్ని టిక్టోలో ఒక రంగు రకం అనుకున్నారు. 2008లో కుల్లాండర్, బ్రిట్జ్ అనే ఇద్దరు అది మయన్మార్ చేప అని తేల్చి పదమ్యా అని పేరు పెట్టారు, బర్మీస్‌లో కెంపు అని అర్థం. షాపుల్లో చీటీలు మాత్రం అలాగే ఉన్నాయి.

జూలై 17

గాజు మీది నాచు గీకుతుంటే వల చట్రం తగిలి ఒక చేపకి పక్కన పొలుసు లేచిపోయింది. రెండు నిమిషాల్లో మిగతావన్నీ తొట్టి మూలకి చేరి, అడుక్కి నక్కి, కదలడం మానేశాయి. మేతేసినా రాలేదు. గాయపడింది మాత్రం మామూలుగానే తిరుగుతోంది.

ఇది నేను చదువుకున్నదే, కళ్ళతో చూడటం ఇదే మొదలు. ఈ కుటుంబం చేపల చర్మంలో కొన్ని కణాలుంటాయి, చర్మం చిరిగితే వాటిలో ఉన్న పదార్థం నీళ్ళలోకి వస్తుంది, ఆ వాసనకి మిగతావి బెదిరిపోతాయి. 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ దీన్ని చెప్పాడు, తేనెటీగల నాట్యం మీద పనికి తర్వాత నోబెల్ తీసుకున్నది ఆయనే. చెవుల విషయంలో కూడా ఇవి ఒక మెట్టు పైనే. లోపలి గాలి తిత్తి నుంచి చెవి దాకా చిన్న చిన్న ఎముకలు గొలుసులా ఉంటాయి, చప్పుడుకి తిత్తి అదిరితే ఆ అదురు చెవికి చేరుతుంది. తమ్ముడు తలుపు ధడేల్మని వేసినప్పుడల్లా తొట్టంతా ఎగిరిపడేది ఇందుకే. వాడికి చెప్పాను. ఇప్పుడు కావాలని వేస్తున్నాడు.

ఇంకో సంగతి, వీటికి పొట్ట సంచి లేదు. నోట్లో పళ్ళూ లేవు, గొంతులో ఉన్నాయి. అక్కడే నలిపి నేరుగా పేగులోకి పంపేస్తాయి. నిలవ పెట్టుకునే చోటు లేదు కాబట్టి కొంచెం కొంచెం, చాలాసార్లు. నేను మొదట్లో చేసింది చాలాసార్లు, అది సరే, కానీ కొంచెం కాదు.

జూలై 24

వానలు పడ్డాక మగవాటి తీరు మారింది. పక్కలు లేతగా ఎర్రబారాయి, ఆడవి పొట్టలు గుండ్రంగా అయ్యాయి. నిన్న సాయంత్రం మూడో వంతు నీళ్ళు తీసి, పైనుంచి చల్లటి వాన నీళ్ళు సన్నధారగా పోశాను. ఇవాళ తెల్లారి ఆరింటికి రెండు మగవి ఒక ఆడదాన్ని నాచులోకి తరుముతున్నాయి. పక్కపక్కన చేరి ఒక్కసారి వణికి విడిపోతాయి, ఆ వణుకులో గుడ్లు. మిల్లీమీటరంత, గాజు పూసల్లా.

వీడియో తీద్దామని ఫోను కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి గుడ్లు లేవు. పెట్టినవే తినేశాయి, పక్కవాటితో కలిసి.

ఆగస్టు 3, ఆదివారం

ఈసారి ప్లాస్టిక్ టబ్బులో అడుగున గోళీలు పరిచాను, తమ్ముడి చిన్నప్పటివి, అటక మీద పాల డబ్బాలో దొరికాయి. గుడ్లు సందుల్లోకి జారిపోతే పెద్దవాటి నోరు అందదు. సాయంత్రం ఒక మగ, రెండు ఆడ వదిలి, పొద్దున ఏడింటికి తీసేశాను. 60 దాకా గుడ్లు. సంబరపడ్డాను. ఆ సాయంత్రానికి సగం గుడ్లు పాలలా తెల్లబడ్డాయి, మర్నాటికి వాటి మీద దూది లాంటి బూజు, అక్కణ్ణుంచి పక్క గుడ్లకి. ఫలదీకరణ కాని గుడ్లు ముందు చస్తాయి, బూజు వాటి మీద మొదలై మంచి వాటిని కూడా పట్టేస్తుంది. ఏరెయ్యాల్సింది, ల్యాబుకి టైమైందని వెళ్ళిపోయాను. ఒక్కటీ మిగల్లేదు.

ఆగస్టు 15

సెలవు. ఈసారి దగ్గరుండి, డ్రాపరుతో గంటగంటకీ తెల్లవి ఏరాను. పొద్దున ఆరింటికి గుడ్లు, నీళ్ళు 28 డిగ్రీలు. ల్యాబు తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి పాత మైక్రోస్కోపు ఇంటికి తెచ్చుకున్నాను, అడిగే తెచ్చుకున్నాను. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది, కాఫీ తాగి వచ్చేలోపు లెక్క మారిపోతోంది. మధ్యాహ్నానికి విడివిడి కణాలు కనబడటం మానేసి, పచ్చసొన మీద టోపీలా పరుచుకుంటూ కిందికి దిగాయి. రాత్రి పదకొండుకి గుడ్డులో వంకరగా పడుకున్న పిల్ల తోక ఒకసారి ఆడించింది. అమ్మని లేపి చూపించాను. "చీమ గుండెంత లేదు, ఎలా కదులుతోందే" అంటూ కన్ను తియ్యలేదు. పులుసు మాట ఎత్తలేదు.

ఆగస్టు 18

పదహారో తేదీ మధ్యాహ్నానికి చీల్చుకుని బయటికొచ్చాయి. 47 లెక్కపెట్టాను. రెండ్రోజులు టబ్బు గోడకి కనురెప్ప వెంట్రుకల్లా అతుక్కుని ఉన్నాయి, పొట్ట కింద ఉన్న పచ్చసొనే తిండి. ఇవాళ ఈత మొదలైంది, అంటే మేత పెట్టాలి. నోరు మరీ చిన్నది. వారం కిందట బోదె నీళ్ళలో క్యాబేజీ ఆకు కుళ్ళబెట్టి ఉంచాను, అందులో పుట్టిన సూక్ష్మజీవుల నీళ్ళే పూటకి నాలుగు చెంచాలు. ఆ వాసనకి నాన్న అరుగు మీద కూర్చోవడం మానేశారు.

ఆగస్టు 25

31 ఉన్నాయి. ఇప్పుడు ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్ళలో బతికే బుల్లి రొయ్యలాంటి జీవుల పిల్లల్ని తినే సైజుకొచ్చాయి. ఈ విషయంలో మా ప్రాంతం వాళ్ళు అదృష్టవంతులు, రొయ్య పిల్లల హేచరీల పుణ్యమా అని ఆర్టీమియా గుడ్లు దొరకడం కష్టం కాదు. ఉప్పునీళ్ళలో గాలి కొడుతూ ఒక రోజుంచితే పొదుగుతాయి. తిన్న పిల్లకి పొట్టలో నారింజ చుక్క కనబడుతుంది, కాబట్టి ఎవరు తిన్నారో ఎవరు పస్తున్నారో దాచలేరు.

ఆగస్టు 31, ఆదివారం

సీసా తెచ్చిన రైతు గారు నిన్న మళ్ళీ ల్యాబుకొచ్చారు. నేనే ఆపి "బాబాయ్ గారూ, మీ సీసాలోవి మళ్ళీ చూశాను, రెండు రకాలున్నాయి, ఒకటి సోఫోర్, ఇంకోటి టిక్టో లాంటిది" అన్నాను. "లాంటిది ఏంటమ్మా? రెండు నెలలు చూసి కూడా లాంటిదేనా?"

నవ్వొచ్చింది గానీ మంచి ప్రశ్నే. హామిల్టన్ టిక్టో గంగ వైపుది. మన వైపు రెండు మచ్చల పరిగెలన్నిటినీ చాలాకాలం కళ్ళు మూసుకుని టిక్టో అనేశారు, తీరా కొందరు పొలుసులు లెక్కపెడితే కృష్ణా బేసిన్‌లోనే కొత్త జాతులు తేలాయి. 2016లో భీమా నది ఉపనదుల నుంచి పెథియా సంజయ్‌మొలూరి అని ఒకటి వచ్చింది. మా గోదావరి కాలువ చేపని గంగ చేప పక్కన పెట్టి పోల్చకుండా అదే ఇది అని రాయడం నాకు ఇష్టం లేదు. అందుకే స్పిరిట్ సీసా మీద "పెథియా సీ.ఎఫ్. టిక్టో" అని రాశాను, సీ.ఎఫ్. అంటే పోల్చి చూడు అని. కింద బోదె పేరు, తేదీ, దాని కింద పెద్దక్షరాలతో "పరిగె".

ఆయనకి కావాల్సింది ఇదంతా కాదు, చెరువులోకి రాకుండా ఎలా ఆపాలని. నీళ్ళు పెట్టే తూము దగ్గర సన్న కన్నాల వల రెండు పొరలు కట్టమన్నాను, గుడ్లూ పిల్లలూ వచ్చేది అక్కణ్ణుంచే. ఉన్నవాటికి వచ్చే పంటకి ముందు ఇప్ప చెక్క వేస్తానన్నారు. తెలిసిన మందే, అందులోని సపోనిన్ అనే పదార్థం చేపల రక్తకణాల్ని పగలగొడుతుంది. వేయండి అన్నాను. మోతాదు కూడా లెక్కేసి ఇచ్చాను, నా ఉద్యోగం అదే. సాయంత్రం ఇంటికొచ్చి పిల్లలకి ఆర్టీమియా వేసేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం చెయ్యి ఆగింది.

23 మిగిలాయి. కొన్నిటికి తోక మొదట్లో నల్లటి నీడ పడుతోంది, పెద్ద మచ్చ వచ్చేది అక్కడే. మొప్ప వెనక మచ్చ ఇంకా లేదు. టబ్బు ఇరుకైపోయింది, పెరట్లో సిమెంటు తొట్టి ఖాళీగానే ఉంది గానీ అమ్మ అంట్లు నానబెట్టేది అందులోనే, రేపు అడగాలి.